బ్రేకు పరీక్షకు పాత బండిని సిద్ధపరచుట

వయసు మళ్లిన ఎద్దుల జతను సంతకు తోలుకొనిపోవువాడు ముందుగా వాటి కొమ్ములు చెక్కించి రంగు పూయించుట మీరెరిగినదే. కొనవచ్చిన రైతు ఆ రంగును చూచి నవ్వుకొని, పెదవి పైకెత్తి పండ్లు చూచును. నాలుగడుగులు నడిపించి కాలి కుంటు చూచును. మోటారు బండి పరీక్ష కూడ ఇట్టిదే. అయినను గడువు దగ్గరపడగానే మన పల్లెలలోని పాత సరకుల బండ్లు మొదట పోవునది రంగు వేయువాని యొద్దకు. అచ్చట ఖర్చు కాగా మిగిలిన డబ్బు ఏమైన ఉన్నచో బ్రేకులకు. ఈ వరుసను తలక్రిందులు చేయవలెనని చెప్పుటకే ఈ వ్యాసము.

సరకులు మోయు బండ్లను, బాడుగకు తిరుగు బండ్లను చట్టము రవాణా వాహనములని పిలుచును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 56వ సెక్షను ప్రకారము ఇట్టి బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్, అనగా రోడ్డుపై నడుచుటకు యోగ్యమైనదను పత్రము, ఉండి తీరవలెను. కొత్త బండికి అది రెండేండ్లు చెల్లును. బండికి ఎనిమిదేండ్లు వచ్చువరకు రెండేండ్లకొకసారి, ఎనిమిదేండ్లు దాటినది మొదలు ఏటేటా దానిని తిరిగి పొందవలెను. కూరగాయలు, పాలు, ఎరువు బస్తాలు మోయుటకు మీరుంచుకొన్న చిన్న నాలుగు చక్రముల బండికి పసుపు పలకపై నల్ల అక్షరములున్నచో అది ఈ కోవలోనిదే. తెల్ల పలక గల సొంత కారునకు, జీపునకు, సేద్యపు ట్రాక్టరునకు ఈ ఏటేటి పరీక్ష లేదు. వాటికి రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును. పిమ్మట బండిని చూపించి ఐదేండ్లకొకసారి పొడిగించుకొనవలెను. కాని క్రింద చెప్పబోవు మరమ్మతు విషయములు వాటికిని వర్తించును.

పత్రము గడువు తీరిన మరునాడు మీ బండి చట్టము దృష్టిలో రిజిస్టరు కాని బండితో సమానము. దీనిని జరిమానా మాటగా మాత్రమే తలచరాదు. మదనపల్లె మార్కెట్టుకు పోవు టొమాటో బండిని దారిలో ఆపినచో పండు ఆగదు, మెత్తబడిపోవును. గుంటూరు యార్డుకు పోవు మిరప బస్తాల బండి ఒక పూట నిలిచినచో ఆనాటి ధర చేజారవచ్చును. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి కలదు. ప్రమాదము జరిగిననాడు ఫిట్‌నెస్ లేదను కారణము చూపి బీమా కంపెనీ అడ్డు చెప్పవచ్చును. అపుడు దెబ్బ తిన్నవారికి చెల్లించవలసిన పరిహారము కొరకు రైతు పొలమునే తాకట్టు పెట్టవలసి వచ్చును.

మన ప్రాంతమున ఈ పరీక్ష చేయు అధికారిని బ్రేకు ఇనస్పెక్టరని, పరీక్షను బ్రేకు పరీక్షయని జనులు వాడుకగా పిలుతురు. కాగితములలో ఆ పేరు లేకపోయినను, పేరు పెట్టినవారు విషయము తెలిసినవారే.

ఎప్పుడు మొదలుపెట్టవలెను?

గడువునకు నెల రోజుల ముందు మొదలుపెట్టుడు. వారము ముందు మొదలుపెట్టినచో విడి భాగము దొరకదు, మెకానిక్కు దొరకడు, దొరికినను తొందరలో పని చెడును. గడువు వరి కోతల నడుమనో, మిరప ఏరు రోజులలోనో పడినచో ఇంకను ముందుగా, పనులు తక్కువగా నున్నపుడే బండిని సిద్ధము చేసికొనవలెను. మొదటి వారము చూచుకొనుటకు, రెండవ వారము మరమ్మతుకు, మిగిలిన కాలము బండిని మామూలుగా త్రిప్పి చేసిన పని నిలిచినదో లేదో గమనించుటకు ఉంచుకొనుట మేలు. కొత్తగా వేసిన బ్రేకు లైనింగు డ్రమ్ముతో బాగుగా ఒరసి కుదురుకొనుటకు కొన్ని దినముల వాడుక అవసరము. కావున నిన్న లైనింగు మార్చి నేడు పరీక్షకు తీసికొనిపోవుట తెలివిగాదు.

ముందుగా అడుగు భాగము

తొలిపని బండిని కడుగుట. పైన కాదు, క్రింద. దమ్ము చేసిన మళ్ల బురద, పేడ ఎరువు, గడ్డి పరకలు చాసిస్ సందులలో పేరుకొని చెమ్మను పట్టి ఉంచును. రైతుల బండ్లకు పట్టణపు బండ్లకు లేని జబ్బు ఒకటి కలదు. యూరియా, అమ్మోనియం సల్ఫేటు, మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ వంటి ఎరువుల బస్తాలు చినిగి రాలిన పొడి గాలిలోని తేమను పీల్చుకొని ఇనుమును తినివేయును. పొటాష్‌లోని క్లోరైడు ఉప్పు వంటిదే. ఇనుమునకు దానికంటె శత్రువు లేదు. కావున ఎరువులు మోసిన ప్రతిసారి తొట్టిని ఊడ్చి, నీటితో కడిగి ఆరనిచ్చుట అలవాటు చేసికొనవలెను. ఏడాది పొడవున ఈ పని చేయనివారు పరీక్షకు ముందు రంగు వేయించినచో, త్రుప్పు రంగు క్రింద తన పని తాను చేసికొనుచునే యుండును.

కడిగి ఆరిన తరువాత చాసిస్ దూలములను, తొట్టిని చాసిస్‌కు పట్టి ఉంచు బోల్టులను, బ్రేకు ఆయిల్ పోవు సన్నని గొట్టములను చిన్న సుత్తితోను, స్క్రూ డ్రైవరు కొనతోను తట్టి, గుచ్చి చూడుడు. గట్టి ఇనుము ఖంగుమనును. పుచ్చిన ఇనుము బొద్దుగా పలుకును, పొరలు రాలును. పొరలు రాలినచోట నమ్మకమైన వెల్డరుచే అతుకు వేయించవలెను. బ్రేకు గొట్టమునకు మాత్రము అతుకు పనికిరాదు, మార్చవలసినదే.

ఇచ్చటనే మరొక చిన్న పని. చాసిస్ దూలముపై బండి నంబరు చెక్కి యుండును. పరీక్షించు అధికారి దానిని రిజిస్ట్రేషను పుస్తకముతో సరిచూచును. కాగితము అద్ది పెన్సిలుతో ముద్ర తీయుట కూడ కలదు. ఆ అంకెలు బురదలోనో, మందపు రంగు క్రిందనో దాగియున్నచో కిరసనాయిలు తడిపిన గుడ్డతో మెల్లగా తుడిచి, మెత్తని బ్రష్షుతో శుభ్రము చేయుడు. గ్రైండరు, ఆకురాయి పెట్టరాదు. అంకె అరిగినచో నంబరు దిద్దిరను అనుమానము కలుగును. ఆ అనుమానమును తీర్చుకొనుటకు పట్టు కాలము బ్రేకుల మరమ్మతుకు కూడ పట్టదు. ఒక రైతు బండిని నేను చూచితిని. కొత్త రంగుతో పెండ్లి బండివలె నుండెను. రంగు వేసినవాడు చాసిస్ నంబరుపై రెండు పూతలు, వెనుక ఎర్ర రిఫ్లెక్టరుపై ఒక పూత వేసి పంపెను. ఆ బండి ఆనాడు వెనుకకు తిరిగి వచ్చెను.

బ్రేకులు

ఈ వ్యాసములో మరేది చదువకపోయినను ఈ భాగమును చదువుడు.

చిన్న సరకుల బండ్లలో బ్రేకు పెడలును త్రొక్కినపుడు మాస్టరు సిలిండరులోని ఆయిల్ గొట్టముల గుండా నాలుగు చక్రములకు పోయి, అచ్చటి చిన్న సిలిండర్లను నెట్టును. అవి లైనింగును డ్రమ్మునకో, డిస్కుకో ఒత్తును. నీటిని నొక్కినను అది కుంచించుకొని పోదు. ఆయిల్ కూడ అంతే. అందువలననే మీ పాదపు బలము నాలుగు చక్రములకు చేరుచున్నది. గాలి అట్లు గాదు, నొక్కినచో కుంచించుకొనును. గొట్టములో గాలి చేరినచో మీ బలమంతయు గాలిని నొక్కుటకే సరిపోవును. పెడలు స్పంజివలె మెత్తగా తగులుటకు కారణమిదియే.

ఇంజను ఆపి, పెడలును గట్టిగా త్రొక్కి ఒక నిముషము అట్లే ఉంచి చూడుడు. పెడలు మెల్లమెల్లగా క్రిందికి దిగిపోవుచున్నచో ఎక్కడనో ఆయిల్ కారుచున్నది, లేదా మాస్టరు సిలిండరులోని రబ్బరు వాషర్లు అరిగినవి. రెండు మూడు సార్లు త్రొక్కిన తరువాతగాని పట్టు దొరకనిచో గాలి చేరియుండవచ్చును, లేదా లైనింగు అరిగి సర్దుబాటు తప్పియుండవచ్చును. బ్రేకు వేయగానే బండి ఒక ప్రక్కకు లాగుచున్నచో ఆ ప్రక్క బాగుగా పట్టుచున్నదని అర్థము. చెడినది రెండవ ప్రక్క చక్రము. అచ్చట లైనింగుపై ఆయిలో గ్రీజో పడి యుండవచ్చును. ఆయిల్ పీల్చిన లైనింగును పెట్రోలుతో తుడిచి మరల వేయువారు కలరు. వేడి తగిలినపుడు లోపలి ఆయిల్ మరల పైకి తేలును. దానిని పారవేసి, ఇరుప్రక్కల చక్రములకు కలిపి కొత్తవి వేయవలెను.

బ్రేకు ఆయిల్ విషయమై కొంత చెప్పవలసియున్నది. ఇది ఇంజను ఆయిల్ వంటిది కాదు. దీనికి గాలిలోని తేమను పీల్చు గుణము కలదు. డబ్బాపై డాట్ 3 అని యున్న ఆయిల్ కొత్తదిగా నున్నపుడు కనీసము 205 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరుగదు. నీరు పీల్చిన తరువాత ఆ హద్దు 140 డిగ్రీలకు దిగజారును. డాట్ 4 ఆయిల్‌కు ఈ అంకెలు 230, 155. అరకు, పాడేరు ఘాటురోడ్లపై బరువుతో దిగునపుడు ఎడతెగక బ్రేకు త్రొక్కిన బండిలో చక్రముల వద్ద వేడి విపరీతముగా పెరుగును. పాత ఆయిల్ అచ్చట మరిగి ఆవిరియగును. ఆవిరి గాలి వంటిదే. పెడలు నేలను తాకును, బండి ఆగదు. పది నిముషములు చల్లారిన పిమ్మట అదే బ్రేకు మరల బాగుగా పనిచేయును గనుక, డ్రైవరు మాట ఎవరును నమ్మరు. కావున ఆయిల్ రంగు చూచి సరిపెట్టుకొనక, రెండేండ్లకొకసారి మొత్తము మార్చవలెను. బండితో వచ్చిన పుస్తకములో ఏ రకము చెప్పబడినదో అదే పోయవలెను. మూత తీసి ఉంచిన పాత డబ్బాలోనిది పోయరాదు. ఇంజను ఆయిల్‌ గాని కిరసనాయిలు గాని ఒక్క చెంచా కలిసినను రబ్బరు భాగములన్నియు ఉబ్బి చెడిపోవును.

కొత్త ఆయిల్ పోసి గాలి తీయునపుడు మాస్టరు సిలిండరునకు మిక్కిలి దూరమున నున్న చక్రముతో ప్రారంభించుట సాధారణ పద్ధతి. మన బండ్లలో స్టీరింగు కుడివైపున నుండును గనుక వెనుక ఎడమ చక్రము మొదటిది. తరువాత వెనుక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. ఒకరు పెడలు త్రొక్కవలెను, ఒకరు చక్రము వద్ద మరను విప్పి బిగించవలెను. డబ్బాలో ఆయిల్ అడుగంటనీయరాదు. అడుగంటినచో పని మొదటికి వచ్చును.

చక్రము విప్పి డ్రమ్ము తీసినపుడు లోపలి పొడిని నోటితో ఊదరాదు, గాలి గొట్టముతో కొట్టరాదు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండుట కలదు; ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని. తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారవేయుడు. ఇంకొక మాట: జాకీ ఒక్కదానినే నమ్మి బండి క్రిందికి దూరరాదు. మిగిలిన చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, లేపిన ప్రక్క చాసిస్ క్రింద గట్టి దూలపు దిమ్మెలు పేర్చిన తరువాతనే దూరవలెను.

మరమ్మతు అయిన పిదప ఇంటి వద్దనే పరీక్ష చేయుడు. గంటకు 30 కిలోమీటర్ల వేగముతో పోవు బండి బ్రేకు త్రొక్కినచోటి నుండి 13 మీటర్ల లోపల నిలువవలెనని నిబంధన. జనసంచారము లేని, సమతలమైన పొడి దారిలో సున్నముతో ఒక గీత గీచి, అచ్చటి నుండి 13 మీటర్లు కొలిచి మరొక గీత గీయుడు. మొదటి గీత వద్ద బ్రేకు వేసినచో రెండవ గీత దాటకూడదు. నాలుగు చక్రముల జాడలను కూడ గమనించుడు. ఇది 30 కిలోమీటర్లకు చెప్పిన మాట. వేగము రెట్టింపైనచో ఆగు దూరము నాలుగు రెట్లగును. అదే బ్రేకుతో 60 కిలోమీటర్ల వేగమున 52 మీటర్లు కావలసి వచ్చును. అదియు బండి ఖాళీగా నున్నపుడు. పది బస్తాలు ఎక్కువ వేసినపుడు ఎంత దూరము కావలెనో మీరే ఊహించుకొనుడు.

చేతి బ్రేకును ఏటవాలు నేలపై ఖాళీ బండితో, చక్రమునకు కొంచెము దూరమున రాయి ఉంచి చూడవలెను. అది పట్టనిచో తరచుగా కేబుల్ సాగియుండును లేదా త్రుప్పుతో బిగిసిపోయి యుండును. బ్రేకు కుదిరినను, కాలువ నీటిలో దిగి వచ్చిన వెంటనే దానిని నమ్మరాదు. కొంత దూరము మెల్లగా పోవుచు పెడలును తేలికగా నాలుగైదు సార్లు నొక్కినచో లైనింగు ఆరును.

స్టీరింగు, కమాన్లు, టైర్లు

ముందు చక్రములు తిన్నగా నుండగా, ఇంజను ఆపి, స్టీరింగును అటునిటు కదపి చూడుడు. చక్రము కదలకముందే స్టీరింగు ఎంత తిరుగుచున్నదో అది వృథా కదలిక. 30 డిగ్రీలకు మించరాదని నిబంధన. మామూలు స్టీరింగు అంచుపై అది సుమారు పది సెంటీమీటర్లు, అనగా ఇంచుమించు బెత్తెడు. కాని బెత్తెడు వచ్చువరకు ఎదురుచూడవలసిన పనిలేదు. రెండు మూడు వ్రేళ్ల మందము దాటగనే బాల్ జాయింట్లను, టై రాడ్డు కొనలను మెకానిక్కుచే చూపించుడు. ముందు చక్రమును పైకి లేపి, పైని క్రిందను పట్టుకొని ఊపినపుడు టకటకమని శబ్దము వచ్చినచో బేరింగో కింగ్ పిన్నో అరిగినది.

కమాను కట్టలలో ఒక రేకు విరిగినను తాడుతో కట్టి నడుపువారిని చూచితిని. విరిగిన కమానుతో బండి ఒక ప్రక్కకు ఒరిగి, ఇరుసు స్థానము తప్పి, టైరు కూడ ఒకవైపే అరుగును. దీనికి మూలకారణము తరచుగా అధిక బరువే. కమాన్లకు అదనపు రేకులు వేయించి బరువు పెంచుట మన ప్రాంతమున వాడుకగా నున్నది. కమాను మోసినంత మాత్రమున బ్రేకు ఆపదు.

టైరు ప్రక్కన చిన్న త్రికోణపు గుర్తు గాని టి.డబ్ల్యు.ఐ. అను అక్షరములు గాని యుండును. ఆ గుర్తునకు ఎదురుగా గాళ్ల మధ్య చిన్న రబ్బరు మెట్టు కలదు. గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చినపుడు టైరు ఆ మెట్టుతో సమానమగును. అంతటితో దాని ఆయువు తీరెను. గాళ్లున్నను ప్రక్కలు పగిలిన టైరు పనికిరాదు. టైరుపై నాలుగంకెల ముద్ర చూడుడు: 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనది. తక్కువగా తిరిగి, కళ్ళములో ఎండకు నిలిచియుండు బండ్లలో టైరు అరుగకముందే ముసలిదగును. స్టెప్నీని మరువరాదు. ఏడాదికొకసారి గాలి పెట్టు చక్రము అదొక్కటే.

దీపములు, ఎలుకలు

వెనుకబడిన బండ్లలో ఎక్కువ భాగము పది ఇరువది రూపాయల బల్బు కొరకు వెనుకబడినవే. ఇంట ఒకరిని బండి వెనుక నిలువబెట్టి దీపములన్నియు ఒకటొకటిగా వెలిగించి చూడుడు. బ్రేకు లైటు ముఖ్యము. మలుపు దీపము మామూలుకంటె వేగముగా కొట్టుకొనుచున్నచో, ఆ వైపు ఒక బల్బు ఆరినదని తెలిసికొనుడు. దీపము వెలిగినను మసకగా నున్నచో బల్బు మార్చి ప్రయోజనముండదు. తీగను చాసిస్‌కు కలుపుచోట త్రుప్పు పట్టియుండును. ఆకురాతి కాగితముతో ఆ చోటు గీకి మెరుగుపెట్టి బిగించినచో వెలుగు తిరిగి వచ్చును.

ధాన్యపు బస్తాల ప్రక్కన బండిని నిలుపు ఇండ్లలో తీగలను ఎలుకలు కొరుకును. బానెట్టు ఎత్తి, సీటు క్రింద, బ్యాటరీ ప్రక్కన తీగల తొడుగులు చూడవలెను. కొరికిన తీగకు టేపు చుట్టి వదలుట మంచిది కాదు; గడ్డి మోయు బండిలో ఒక్క నిప్పురవ్వ చాలును. సైలెన్సరుపై, ఇంజను క్రింద చేరిన ఎండుగడ్డిని కూడ ఈ సందర్భముననే తీసివేయుడు.

ముందు దీపముల కాంతి ఎదుటివాని కండ్లలో పడరాదు. దీనికి నిబంధనలో చక్కని కొలత కలదు: దీపమునకు 8 మీటర్ల దూరమున, బండి కుడి అంచునకు అర మీటరు కుడిగా, నేలనుండి ఒకటిన్నర మీటరు ఎత్తున కండ్లుండు మనిషికి కాంతి మిరుమిట్లు గొలుపరాదు. చీకటి పడిన తరువాత మీరే అచ్చట నిలిచి చూడుడు. వెనుక బరువు వేసినపుడు ముందు భాగము లేచి కాంతి పైకి పోవునని కూడ గుర్తుంచుకొనవలెను.

జనులు రేడియం అని పిలుచు మెరుపు పట్టీలు ముందు తెల్లనివి, ప్రక్కల పసుపువి, వెనుక ఎర్రనివి అతికించవలెను. పరీక్ష ముగిసిన వారమునకే ఇవి బురదతో కప్పబడుట చూచుచున్నాము. రాత్రివేళ చెడిపోయి రోడ్డు ప్రక్క నిలిచిన బండిని వెనుక వచ్చు లారీవానికి చూపునది ఆ పట్టీ ఒక్కటే. రాత్రి బయలుదేరునపుడు తడి గుడ్డతో ఒకసారి తుడుచుటకు అర నిముషము చాలును.

పొగ

కాలుష్య పరీక్ష పత్రము లేనిదే ఫిట్‌నెస్ దొరకదు. డీజిలు బండిలో నల్లని పొగకు కారణము మన రైతుల విషయమున తరచుగా గాలి ఫిల్టరే. నూర్పిడి కాలమున పొట్టు, ఊక, దుమ్ము చేరి అది మూసికొనిపోవును. గాలి చాలక డీజిలు పూర్తిగా మండదు. కాగితపు ఫిల్టరును నీటితో కడుగరాదు. మెల్లగా తట్టి దులుపుటయో, కొత్తది వేయుటయో చేయవలెను. 2017 ఏప్రిల్ నుండి దేశమంతట అమలైన భారత్ స్టేజి 4 బండ్లకు పొగ హద్దు 50 హార్ట్‌రిడ్జి యూనిట్లు. అంతకు ముందరి తరగతుల బండ్లకు 65. పరీక్షకు పోవుటకు ముందు పది పదునైదు కిలోమీటర్లు నడిపి ఇంజనును వేడెక్కనిచ్చినచో సరియైన అంకె వచ్చును. చల్లని ఇంజను ఎక్కువ పొగ విడుచును.

బండికి తగిలించిన అలంకారములు

గడ్డి ఎక్కువ వేయుటకు తొట్టికి ఎత్తుగా వెల్డింగు చేసిన చట్రములు, ముందు బిగించిన ఇనుప కడ్డీల గార్డులు, పలు స్వరముల హారన్లు, అదనపు తెల్ల దీపములు, వీటిని పరీక్షకు ముందు తీసివేయుడు. తరువాత మరల తగిలింపవలదు. ముందు గార్డులు బిగించిన బండ్లపై చర్య తీసికొనవలసినదిగా 2017 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము రాష్ట్రములకు వ్రాసెను. గుద్దుకొన్నపుడు ఆ గార్డు దెబ్బను నేరుగా చాసిస్‌కు చేరవేయును, ఎదుటి మనిషిని మరింత గాయపరచును. వేగ నియంత్రణ పరికరమున్న బండియైనచో దాని సీలు చెక్కుచెదరక ఉండవలెను.

పరీక్షలో కనబడని తప్పు ఇంకొకటి కలదు, చెప్పక తప్పదు. నాట్లకు, కలుపునకు, మిరప ఏరుటకు కూలి స్త్రీలను ఇరువది ముప్పది మందిని ఈ సరకుల తొట్టెలలో నిలువబెట్టి తీసికొనిపోవుచున్నారు. పత్రము చేతనున్నను ఆ బండి మనుష్యులను మోయుటకు యోగ్యమైనది కాదు. బస్తా తూలినచో మరల ఎత్తుకొనవచ్చును. తెల్లవారుజామున కాలువ గట్టుపై బోల్తాపడిన తొట్టిలో పట్టుకొనుటకు ఏమియు ఉండదు.

కాగితములు, పరీక్ష దినము

రిజిస్ట్రేషను పత్రము, అమలులోనున్న బీమా, కాలుష్య పత్రము, పాత ఫిట్‌నెస్ సర్టిఫికెట్, పన్ను రసీదు ఒక సంచిలో సిద్ధపరచుకొనుడు. మొత్తము బరువు 3000 కిలోలకు మించని సరకుల బండికి పర్మిటు అవసరము లేదు. మించినదానికి అదియు కావలెను. పాత చలానాలు, పన్ను బకాయిలు ఉన్నచో ముందుగానే తీర్చుడు, లేనిచో దరఖాస్తు ముందుకు సాగకపోవచ్చును. దరఖాస్తు రవాణా శాఖ ఆన్‌లైన్ పద్ధతిలో చేసి, రుసుము కట్టి, తేదీ పొందవలెను. గడువు దాటినచో ఆలస్యమైన దినముల లెక్కన అదనపు రుసుము కూడ పడును.

యంత్రములతో బండ్లను పరీక్షించు కేంద్రములకు 2021లో కేంద్ర ప్రభుత్వము నియమములు చేసెను. అట్టి కేంద్రము మీ జిల్లాలో ఉన్నచో బండిని అచ్చటికే తీసికొనిపోవలసి యుండును. రోలర్లపై చక్రములను త్రిప్పి బ్రేకు బలమును యంత్రము చక్రమునకు చక్రముగా కొలుచును. ఎడమ కుడి తేడా దానికి దాగదు. కావున పైన చెప్పినట్లు ఇరుప్రక్కల లైనింగు కలిపి మార్చుట అచ్చట మరింత అవసరము.

ఆనాడు బండిని ఖాళీగా, శుభ్రముగా, టైర్లలో సరియైన గాలితో తీసికొనిపోవుడు. మధ్యవర్తికి డబ్బిచ్చి బండిని చూపకయే పత్రము తెప్పింతునను వాని మాట వినరాదు. అట్టి పత్రముతో బ్రేకు పట్టదు.

బండి నెగ్గనిచో కంగారుపడవలదు. కారణములను వ్రాతమూలకముగా తెలుపవలసినదని చట్టములోనే కలదు. ఆ కాగితము అడిగి తీసికొనుడు. దానిని మెకానిక్కు ముందుంచి అందున్న పనులే చేయించి, మరల చూపించుడు. పత్రము చేతికి వచ్చిన దినమున దాని గడువు తేదీని, బ్రేకు ఆయిల్ మార్చిన తేదీని క్యాబిన్ లోపల తలుపుపై రంగుతో వ్రాయించుకొనుడు. బండికి వేయింపదలచిన రంగులో అంత మాత్రము చాలును.